ఎనిమిది రేకుల పువ్వు

మొన్న రాజమండ్రిలో దుప్పట్లు కొందామని ఒక షాపుకి వెళ్తే, అక్కడి అమ్మాయి గాజుబల్ల మీద ఒక లేసు టేబుల్ గుడ్డ పరిచి, "చేతిపనేనండీ, చూడండి" అంది. నేను దాన్ని తిరగేశాను. మావాళ్లెవరైనా లేసును ముందు తిరగేసే చూస్తారు. మంచివైపు ఎవరిదైనా అందంగానే ఉంటుంది. దారం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో, ముడిని ఎవరు ఓపిగ్గా దాచారో, ఎవరు బద్ధకించి వదిలేశారో వెనకవైపే బయటపడుతుంది. ఆ గుడ్డకి ముందూ వెనకా ఒకటే. ముక్కు దగ్గర పెట్టుకుంటే ప్లాస్టిక్ కవరు వాసన తప్ప మరేమీ లేదు. "మిషనుదమ్మా ఇది" అన్నాను. "ఎవరికి తెలుస్తుంది మేడమ్" అని నవ్వింది. అదీ నిజమే. మా చిన్నప్పుడు లేసుకి వాసన ఉండేది: కొబ్బరినూనె, చెమట, పొయ్యి పొగ, ఒళ్లో పడుకోబెట్టుకున్న పసిపిల్లల ఉచ్చ, అన్నీ కలిసిన వాసన. తెల్లదారంతో మొదలుపెట్టిన పువ్వు పూర్తయ్యేసరికి బూడిదరంగుకి దిగేది. దాన్ని నరసాపురంలో ఉతికి, గంజి పెట్టి, ఇస్తిరీ చేసి దొరల దేశాలకు పంపేవారట. ఆ దొరసానులకి మా పేట వాసన పిసరంతైనా తగిలేదా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

మా పేట నరసాపురానికి నాలుగు మైళ్ల దూరంలో కాలువగట్టుని ఆనుకుని ఉండేది. ఒక చర్చి, దాని పక్కనే అయిదో తరగతి దాకా బడి, ఆ బడిలో మాస్టారుగా మా నాన్న, వెనక యాభై అరవై ఇళ్లు, వాటి చుట్టూ కొబ్బరిచెట్లు, అవతల కనుచూపు మేరా వరిచేలు. మధ్యాహ్నం అన్నాలు తిని గిన్నెలు బోర్లించాక ఆడవాళ్లంతా ఒక్కొక్కరే సూదీ దారపుండా పట్టుకుని అరుగుల మీదికి చేరేవారు. సూది అంటే బట్టలు కుట్టే సూది కాదు, కొసన చిన్న కొక్కెం ఉండే లేసు సూది. ఎండాకాలం చెమటకి దారం వేళ్లకి అతుక్కుపోతుందని పౌడరు రాసుకునేవారు, పౌడరు లేనివాళ్లు బియ్యప్పిండి. వానాకాలం దారం తేమ పీల్చుకుని మొండికేసేది, ఉండని పొయ్యి పక్కన పెట్టి ఆరబెట్టుకోవాల్సి వచ్చేది. చలికాలమే హాయి. ఉడికించిన తేగలు పక్కన గుట్టపోసుకుని, ఒకటి చీల్చి నములుతూ, ఊళ్లో వాళ్లందరి సంగతులూ కూడా అలాగే చీల్చి నములుతూ, సూదిని మాత్రం ఆపకుండా సాయంత్రం దాకా కూర్చునేవారు. మామిడిపళ్ల రోజుల్లో పిల్లలం అటు పక్కకి వెళ్లడానికి లేదు. ఒకసారి నేను రసం తిన్న చేత్తోనే అమ్మ అల్లుతున్న పువ్వుని ముట్టుకుంటే, వీపు మీద ఒక్కటిచ్చి, ఆ పూటంతా దాన్ని విప్పుకుంటూ కూర్చుంది.

ఈ పనిలో ఒక పద్ధతి ఉండేది. గుడ్డ మొత్తాన్ని ఏ ఒక్కరూ అల్లరు. కొందరు అంచు, కొందరు ఆకు, కొందరు పువ్వు, ఎవరి చెయ్యి దేనికి తిరిగితే అది. అన్నిటినీ పోగుచేసి ఒక గుడ్డగా అతికే పనిని అతుకుపని అంటారు. మా పేటలో ఆ పని మార్తమ్మగారిది. నరసాపురం నుంచి దారం తెచ్చి ఇంటింటికీ పంచేదీ, అల్లినవి తిరిగి తీసుకెళ్లేదీ ఆవిడే. భర్త పోయిన మనిషి, ఎప్పుడూ బుగ్గలో వక్కపలుకు, చర్చిలో ఎప్పుడూ ముందు వరస, పాదిరిగారి ప్రసంగం బాగాలేకపోతే మొహం మీదే చెప్పేసే నోరు. ఆవిడ ముందు పువ్వులు కుప్పపోస్తే, పేరు చెప్పక్కర్లేకుండా ఏది ఎవరిదో తీసి వేరు పెట్టేది. "ఇది జొరంలో అల్లింది", "ఇదిగో, ఇది మొగుడితో మాటల్లేనప్పుడు అల్లింది, చూడండెలా బిగబట్టేసిందో" అని ఆవిడ అంటుంటే, అరుగు మీదున్నవాళ్లంతా నవ్వుకునేవారు, అల్లినావిడ తప్ప.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. ఏడాదికోసారి కోతలయ్యాక రాజమండ్రి నుంచి కళ్ల డాక్టర్లు వ్యానులో వచ్చి మా బడిలో క్యాంపు పెట్టేవారు. రమ్మంటే ఒక్కరూ వెళ్లేవారు కాదు. కళ్లు మందగించాయని ఒప్పుకుంటే ఇక దారం ఇవ్వరని భయం. అందుకని మార్తమ్మగారు ఎవరినీ అడిగేది కాదు. వాళ్ల పువ్వుల్ని అడిగేది. "కళ్లు మసకేసినోళ్లకి ముందు లెక్క తప్పుద్ది, తర్వాత బిగువు తప్పుద్ది" అనేది. క్యాంపుకి ముందు వారం ఆ నెల వచ్చిన పువ్వులన్నీ చాప మీద పరుచుకుని, బొటనవేలితో ఒక్కొక్కటే నొక్కి చూసి, పేర్లు రాయించేది. ఆ చీటీ రాసే పని మా నాన్నది. చీటీలో పేరుంటే జ్వరమున్నా చూలున్నా సరే, చెయ్యి పట్టుకుని బడికి లాక్కెళ్లేది. మా పేటలో అంతమంది ఆడవాళ్ల ముక్కుల మీద కళ్లద్దాలున్నాయంటే అది ఆవిడ చలవే.

మా అమ్మ కరుణ అల్లేది నడిమి పువ్వు. అయిదు వరసలు, ఎనిమిది రేకులు. గుడ్డకి నడిబొడ్డున కూర్చునేది అదే కాబట్టి అందరికీ ఇచ్చేవారు కాదు. మూడో తరగతి పరీక్షలయ్యాక వచ్చిన వేసవి సెలవుల్లో నాకు సూది ఇచ్చింది. మా ఆడపిల్లలందరికీ ఆ వయసులోనే ఇచ్చేవారు. తొక్కుడుబిళ్ల ఆడుకునే కాళ్లని మడిచి కూర్చోబెట్టి, దారాన్ని ఎడమచేతి చిటికెన వేలికి ఒక చుట్టు చుట్టి, చూపుడువేలి మీదుగా తెప్పించి, కొక్కెంతో అందుకుని లాగమంది. వారం రోజులు ఒట్టి గొలుసే. నేను అల్లిన గొలుసు గేదెని కట్టేయడానికి పనికొచ్చేంత బిగువుగా ఉండేది. పళ్లు బిగించి, భుజాలు ఎగరేసి, నాలిక బయట పెట్టి లాగేదాన్ని. ఆ తర్వాత పువ్వు మొదలుపెడితే అది చదునుగా పరుచుకోకుండా అంచులు పైకి లేచి ఉప్పుచిప్పలా నిలబడేది. నాన్న దాన్ని బల్ల మీద బోర్లించి, "మన లిల్లీ తాబేలుని అల్లింది" అన్నాడు. నేను ఏడ్చాను.

"దారాన్ని లాగకే, రానియ్యి" అనేది అమ్మ. ఎలా రానివ్వాలో నాకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, తన చేతుల మీద నా చేతులు పెట్టించుకుని అల్లింది. అప్పుడు కనిపెట్టాను: అమ్మ ఊపిరి వదిలేటప్పుడే దారాన్ని లాగుతోంది. ఆ సంగతి అమ్మకే తెలీదు. నా వీపుకి ఆవిడ రొమ్ము ఆని ఉండబట్టి నాకు తెలిసింది. ఆ రోజు నుంచి నేనూ అలాగే చేశాను. వేసవి అయ్యేసరికి నా పువ్వు బల్ల మీద చదునుగా పడుకుంది. పక్కన అమ్మ పువ్వు పెడితే ఏది ఎవరిదో నాన్న చెప్పలేకపోయాడు. ఆ సంతోషం నాకు తర్వాత ఏ పరీక్ష పాసైనా రాలేదు.

వానలు మొదలయ్యాక అమ్మకి తలనొప్పులు వచ్చాయి. కనుబొమల పైన పొడిచేసినట్టు వచ్చేది, వాంతి అయ్యేది, ఒక పూట పడుకుంటే తగ్గిపోయేది. పైత్యమన్నారు అందరూ. శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసేవాళ్లం, నిమ్మకాయ పిండి తాగించేవాళ్లం. ఒక సాయంత్రం బల్బు వెలిగించగానే అమ్మ దానివైపు చూసి, "లైటు చుట్టూ ఎన్ని రంగులో చూడవే లిల్లీ, ఇంద్రధనస్సులాగా" అంది. నేను చూశాను. నాకు బల్బే కనపడింది. "నాకు లేవే" అంటే, "కళ్లు నలుపుకుని చూడు" అంది. నేను గట్టిగా నలుపుకుని, "ఆ, ఉన్నాయి" అని అబద్ధం చెప్పాను, అమ్మకున్నది నాకు లేదంటే చిన్నతనంగా అనిపించి.

దసరా సెలవులనాటికి అమ్మ పువ్వుకి తొమ్మిది రేకులొచ్చాయి. తొమ్మిది రేకుల పువ్వు గుడ్డలో ఇమడదు. విప్పి మళ్లీ అల్లితే ఏడొచ్చాయి. "నువ్వు లెక్కపెట్టవే" అని నా చేతిలో పెట్టింది. మొదట లెక్కపెట్టడం, తర్వాత ఆఖరి వరస అల్లడం, ఆ తర్వాత మూడు వరసలు, కార్తీకమాసం వెళ్లేసరికి పువ్వంతా నేనే. అప్పుడు నా రెండు చేతులూ పట్టుకుని చెప్పింది: "నాన్నకి చెప్పకు. మార్తమ్మగారికి అసలు చెప్పకు. నన్నూ అమ్మమ్మలాగా కూర్చోబెట్టేస్తారే." మా అమ్మమ్మ చనిపోయే ముందు పదేళ్లు కళ్లు లేకుండా పెరటి వసారాలో ఒక చాప మీద కూర్చుని ఉండేది. ఎవరైనా పళ్లెం తెచ్చి ముందు పెడితే తినేది, తేకపోతే లేదు. ఊళ్లోవాళ్లు ఆ ఇంటిని గుడ్డామె ఇల్లనే అనేవారు. అమ్మ అప్పటికి ముప్ఫై మూడేళ్ల మనిషి. భయమంతా ఆ చాప గురించే. నేను ప్రభువు మీద ఒట్టు వేశాను.

ఆ ఏడు క్రిస్మస్ బాగా గుర్తుంది. వెదురుబద్దల నక్షత్రానికి రంగుకాగితాలు అంటించడం, అరిసెల పాకం చూడడానికి పొరుగింటి పిన్ని రావడం, పాకుండలు వేగుతుంటే నూనె వాసన వీధి చివరిదాకా పోవడం. పిల్లలందరూ చర్చిలో నాటకానికి రెక్కలు కట్టుకుంటుంటే నేను మాత్రం లోపలి గదిలో తలుపు దగ్గరగా వేసుకుని పువ్వులు అల్లేదాన్ని. అమ్మ నా ఎదురుగా ఒట్టి సూది పట్టుకుని కూర్చునేది, ఎవరైనా వస్తే తనే అల్లుతున్నట్టు కనపడాలని. నాకది ఇద్దరం ఆడుకునే దొంగాటలా ఉండేది. కష్టమనిపించలేదు. నేను అమ్మకి సాయపడుతున్నాను, ఆ మాట తలుచుకుంటేనే ఒళ్లు పొంగేది.

కోతలయ్యాయి. క్యాంపుకి ముందు వారం మార్తమ్మగారు మా అరుగు మీదే చాప పరిచింది. నాన్న కాగితం, పెన్నూ పట్టుకున్నాడు. అమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది, నేను అమ్మ పక్కన. పేర్లు పడుతున్నాయి: ఫలానా వాళ్ల కోడలు, ఫలానా వాళ్ల పెద్దమ్మాయి. మా పువ్వుల వంతు వచ్చింది. ఆవిడ ఒకటి తీసి, తిరగేసి, బొటనవేలితో నడిమధ్య నొక్కి, రేకురేకునీ తడిమి, అలాగే పట్టుకుని కూర్చుంది.

"మాస్టారూ, మీ ఆవిడ పేరు రాయక్కర్లేదండి" అంది. "కరుణా, నీ చెయ్యి ఈమధ్య ఇంకా తేటపడిందమ్మా. ఇరవయ్యేళ్లుగా అతుకుతున్నాను, ఇట్టాంటి పువ్వు చూళ్లేదు. ఇదిగో, ఈ అంచు చూడండి, ఊదితే ఎగిరిపోద్దేమో అన్నట్టుంది. ఏం కళ్లమ్మా నీయి!"

ఆవిడ అలా పొగుడుతూనే ఉంది. ఒక్కొక్క పువ్వే తీసి అరుగు మీది వాళ్లందరికీ చూపించింది. నేను నోరు తెరవచ్చు. అవి నావండీ అనొచ్చు. ఒట్టు గుర్తుండే ఆగానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నాన్న చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ పైవారం మా బడి ముందు వ్యాను ఆగింది, చీటీలోని పద్నాలుగుమందీ వరసలో నిలబడ్డారు, మా అమ్మ వాళ్లకి మంచినీళ్లు అందించింది. బిందెలో చెంబు ముంచడానికి రెండుసార్లు తడుముకుంది. అది నేనొక్కదాన్నే చూశాను.

మరుసటి ఏడు తుఫానుకి కాలువగట్టు రోడ్డు కోసుకుపోయి వ్యాను రాలేదు. ఆ పైన వచ్చిన ఈస్టరు నాటి తెల్లవారుజామున, మా వాళ్లందరూ చేసే విధంగానే, సున్నం వేసిన సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించడానికి వెళ్లాం. అమ్మ, మా అమ్మమ్మ సమాధి ముందు వంగి, వెలిగించిన కొవ్వొత్తిని సమాధి అంచుకి జానెడు ఇవతల, గాలిలో నిలబెట్టింది. అది కిందపడింది. తీసి మళ్లీ వెలిగించి ఇస్తే మళ్లీ అక్కడే, ఏమీ లేని చోట నిలబెట్టింది. మూడోసారి నాన్న ఆవిడ చెయ్యి పట్టుకుని మొహంలోకి చూశాడు. చుట్టూ అందరూ పాడుతున్నారు. నాన్న అలాగే చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు.

రాజమండ్రిలో డాక్టరు నీటికాసులన్నాడు. కంటిలో ఒత్తిడి పెరిగి నరాన్ని తినేస్తుందనీ, పోయిన చూపు ఇక రాదనీ చెప్పాడు. "లైట్ల చుట్టూ రంగులు కనపడుతున్నాయని ఎప్పుడైనా అన్నారా?" అని అడిగాడు. "నాకు తెలీదండి" అన్నాడు నాన్న. "అన్నప్పుడే తీసుకొచ్చుంటే నిలబెట్టేవాళ్లమండి" అన్నాడు డాక్టరు. నేను బల్ల చివర కూర్చుని ఆ మాట విన్నాను. పదకొండేళ్ల పిల్లని ఎవరూ ఏమీ అడగలేదు. ఆపరేషన్ చేశారు గానీ, ఏడాది తిరక్కుండానే రెండు కళ్లూ పోయాయి.

సంగతి తెలిసి మార్తమ్మగారు వచ్చింది. అమ్మ పక్కన కూర్చుంది. తర్వాత మూటలోంచి ఒక పువ్వు తీసి నాకిచ్చి, "ఇట్టాంటిది అల్లు, నేను చూడాలి" అంది. నేను ఆవిడ ముందు కూర్చుని మూడు వరసలు అల్లాను. ఆవిడ నా చేతుల్నే చూసింది. "నువ్వటే" అంది. ఆపైన కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ పెద్ద నోరు అలా మూసుకుపోవడం నేను చూడడం అదొక్కసారే. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఎన్ని రోజులు ఎదురుచూశానో. ఆ తర్వాత కూడా దారం మా ఇంటికి వస్తూనే ఉంది, పదో తరగతి దాకా నేను అల్లుతూనే ఉన్నాను, మూట మీద కట్టే చీటీలో మాత్రం అమ్మ పేరే ఉండేది. దాన్ని మార్చాలని ఎవరికీ తోచలేదు.

అమ్మని చాప మీద కూర్చోబెట్టలేదు. నాన్న ఉన్నన్నాళ్లూ తనే చూసుకున్నాడు, తర్వాత నా దగ్గరే ఉంది. ఇది మా ఆడవాళ్లలో వచ్చే జబ్బు కాబట్టి నేనూ ఆరునెలలకోసారి పరీక్ష చేయించుకుంటాను. మూడేళ్ల కిందట ఒక కొత్త డాక్టరమ్మ నా కళ్లలోకి లైటు వేసి చూస్తూ, "మీ అమ్మగారికి ఉన్నట్టు మొదట ఎప్పుడు తెలిసిందండి?" అని అడిగింది. "ముదిరిపోయాకండి" అన్నాను. అలవాటైపోయిన జవాబు. ఇంటికొచ్చాక అన్నం తినబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం అమ్మ దగ్గర కూర్చుని చెప్పేశాను. ఆ రోజు అరుగు మీద నేను నోరు తెరవకపోవడం ఒట్టు కోసం కాదని, మార్తమ్మగారు నా పువ్వుని అంతలా మెచ్చుకుంటుంటే మధ్యలో ఆపబుద్ధి కాలేదని, ఇంకాసేపు వినాలనిపించిందని. తొమ్మిదేళ్ల వయసులో ఆ నాలుగు మెచ్చుకోళ్ల కోసం నీ కళ్లు ఇచ్చేశానమ్మా అన్నాను. అమ్మ నా మాట వచ్చిన వైపు మొహం తిప్పింది.

"నాకూ అంతేనే" అంది. "ఆవిడ నీ చేతిని పొగుడుతుంటే నాకు సంతోషం ఎక్కడా ఆగలేదు. నా పేరు రాయండి అని నోటిదాకా వచ్చింది. ఆ మాటంటే ఆవిడ ఆపేస్తాదని, ఇంకాసేపు విందామని ఊరుకున్నాను."

ఇద్దరం ఏడ్చాం. ఏడ్చి తేలికపడ్డామని చెప్పలేను. అమ్మ ఆ పై వానాకాలంలో పోయింది. మార్తమ్మగారు అంతకు చాలాముందే పోయింది, ఆవిడ తర్వాత మా పేటలో అతుకుపని చేసేవాళ్లెవరూ లేరు. అరుగులు పడగొట్టి గేట్లు పెట్టుకున్నారు. చేలన్నీ రొయ్యల చెరువులయ్యాయి. పొద్దున్నే ఒక వ్యాను వచ్చి ఆ వీధి ఆడవాళ్లని రొయ్యల షెడ్లకి ఎక్కించుకుపోతుంది, చీకటిపడ్డాక దించుతుంది. వాళ్లు రోజంతా ఐసులో చేతులు పెట్టి రొయ్యల తలలు తీస్తారు. ఆ చేతుల్ని చూసి నీకు ఒంట్లో బాగాలేదమ్మా అని చెప్పే మనిషి లేదు.

ఒక్కటి మాత్రం ఎంత వెతుక్కున్నా నాకు దొరకదు. అమ్మకి చూపున్న ఆఖరి ఏడాది ఆవిడ మొహం ఎలా ఉండేదో గుర్తు లేదు. లోపలి గదిలో రోజూ గంటలకొద్దీ నా ఎదురుగానే కూర్చుని ఉండేది. తలుపు సందులోంచి వచ్చే వెలుతురులో, మిగిలిన ఆ కాస్త చూపుతో నావైపే చూస్తూ ఉండేదట, తర్వాత తనే చెప్పింది. నేను తల ఎత్తలేదు, లెక్క తప్పుతుందని.